ఆకుమీద గుడ్లు పెట్టు కప్ప

వానకాలమున మడిగట్లపై కప్పల యరపు వినని కర్షకుడుండడు. మన కప్పలలో పెక్కులు మడినీటిలోనే గుడ్లు విడుచును. నీటిని విడిచి ఆకును నమ్ముకొన్న కప్ప యొకటి మధ్య అమెరికాలో కలదు. దాని నడవడి కృషీవలులకు విచారింపదగినదని తలంచి వ్రాయుచున్నాను.

దీనిని ఎఱ్ఱకన్నుల ఆకుకప్ప యందురు. మెక్సికో దక్షిణభాగము మొదలు పనామా వఱకును గల తేమయడవులు దీని నివాసము. పగలెల్ల ఆకు నంటిపెట్టుకొని, కాళ్లు ముడుచుకొని నిద్రించును. అప్పుడు పచ్చని వీపు మాత్రమే కనబడుటచే ఆకునకును దీనికిని భేదము తెలియదు. నీలి ప్రక్కలు, నారింజవన్నె పాదములు, ఎఱ్ఱని కన్నులు మేల్కొన్నప్పుడే కానవచ్చును.

వర్షర్తువు రాత్రులలో మగకప్ప ఆడుదాని వీపు నెక్కును. ఆడుది దానిని మోసికొనియే గుంటలోనికి దిగి, మూత్రాశయమున నీరు నింపుకొని, మరల చెట్టెక్కి, నీటిమీదికి వంగిన యాకుపై సుమారు 40 గుడ్లను జిగురుముద్దగా పెట్టును. ఆ నీరే గుడ్లను ఎండనీయదు. మఱియొక ముద్ద పెట్టవలెనన్న, మోతతో మరల దిగవలసినదే! మన చెట్టుకప్పయు నీటిపై కొమ్మలకు నురుగుగూడు కట్టి గుడ్లు పెట్టును; ఆ తెల్లని నురుగును చూచి తెగులని తలంపకుడు.

కదలిక లేనిచో గుడ్లు 6, 7 దినములకు పగిలి, తోకకప్పలు క్రింది నీటిలో రాలును. పాము వచ్చిననో? కారెన్ వార్కెంటిన్ అను శాస్త్రజ్ఞురాలు కోస్టారికాలో పరిశీలించి 1995లో దీనిని ప్రకటించెను. పాము ముద్దను కొఱుకగానే, 5 దినముల పిండములు సైతము పొర చీల్చుకొని నీటిలోనికి జాఱును. ముట్టెనుండి స్రవించు ద్రవ్యము పొరను కరగించును. వానచినుకులును ఆకును కదల్చును గాని, వానికి బెదరవు. కంపము ఎంతసేపుండెను, ఎంత యెడముగా వచ్చెను అనుదానిచే భేదము గుర్తించును. కందిరీగ గుడ్లనొక్కొక్కటిగా తీసికొనిపోవును గనుక, అది తాకినప్పుడు ఆ గుడ్డును, దాపునున్న కొన్నియు మాత్రమే పగులును.

అట్లయిన మొదటనే దిగరాదా? దిగరాదు. నీటిలో చేపలును రొయ్యలును కలవు. ముందుగా పుట్టిన చిన్న పిల్ల వానికి సులభముగా చిక్కును. పైన పాము లేనంత కాలము ఆకుపై గడపిన ప్రతి దినమును లాభమే.

కావున ఈ కప్పకు గుంట యొక్కటియే చాలదు. నీరుంచి యొడ్డుచెట్లు నరికినచో గుడ్లకు చోటు లేదు. చెట్లుంచి గుంట పూడ్చినచో పిల్లలకు నీరు లేదు. ఈ జాతి యిప్పటికి క్షేమముగానే యున్నది. దీని జ్ఞాతియైన లీమర్ ఆకుకప్ప మాత్రము, చర్మమునకు పట్టు బూజురోగము చేతను అడవుల నఱుకుడు చేతను నశించు స్థితికి వచ్చినది.