థర్మకోల్ షీట్‌తో ఫ్లాట్ ప్యానెల్ స్పీకర్: తయారీ ఒక్క పూట, ట్యూనింగ్ రెండు నెలలు

"ఏమన్నాడ్రా?"

టీవీ పెట్టినప్పుడల్లా అమ్మ అడిగే ప్రశ్న ఇది. సీరియల్‌లో 'కల' అంటే ఆవిడకి 'తల' అని వినపడుతుంది. దాంతో వాల్యూమ్ 60 దాటేది. వెంగళరావు నగర్‌లో మాది అపార్ట్‌మెంట్. హాలు గోడకి అవతల పక్క ఫ్లాట్ వాళ్ళ అబ్బాయి ఇంటర్ పరీక్షలకి చదువుకుంటున్నాడు. వాళ్ళమ్మగారు రెండుసార్లు మర్యాదగానే చెప్పారు. మూడోసారి చెప్పించుకోవడం బాగుండదు కదా.

ముందు సౌండ్‌బార్‌లే చూశాను. విన్న రెండు మూడింటిలో బేస్ బాగా పెరిగింది, మాట మాత్రం అలాగే ఉంది. పైగా గోడ దాటి పక్కింటికి ముందుగా వెళ్ళేది బేసే. అప్పుడు గుర్తొచ్చింది ఫ్లాట్ ప్యానెల్ ఐడియా.

ఇది మన సైట్ రీడర్స్‌కి కొత్తేమీ కాదు. 2017లో వచ్చిన సోనీ ఏ1 ఓఎల్ఈడీ టీవీలో స్క్రీనే స్పీకర్. 2019లో ఎల్జీ జీ8 థింక్యూ, హువావే పీ30 ప్రో ఫోన్లలో ఇయర్‌పీస్ రంధ్రం లేకుండా డిస్‌ప్లే వెనక చిన్న మోటార్ పెట్టి, కాల్ సౌండ్ అద్దం నుంచే రప్పించారు. ఇంట్లో చేసుకునే ప్యానెల్ కూడా అదే సూత్రం, కాకపోతే అద్దానికి బదులు థర్మకోల్.

మామూలు స్పీకర్‌లో కోన్ మొత్తం ఒకేసారి ముందుకీ వెనక్కీ కదులుతుంది. ప్యానెల్ అలా కదలదు. చెరువులో రాయి వేస్తే అలలు పాకినట్టు షీట్ మీద వంపులు పాకుతాయి. ఒక్కో ఫ్రీక్వెన్సీకి షీట్‌లో ఒక్కో చోట ఊగుతుంది. ఈ ఊపు ఇచ్చే భాగం పేరు ఎక్సైటర్. అంటే కోన్ లేని స్పీకర్: అయస్కాంతం, కాయిల్ మాత్రమే. డబ్బా అక్కర్లేదు కాబట్టి శబ్దం ముందుకి ఎంత వస్తుందో వెనక్కీ అంతే పోతుంది.

(ఖరీదైన ఫ్లాట్ స్పీకర్లు వేరే జాతి. 1957 నాటి క్వాడ్ ఎలెక్ట్రోస్టాటిక్, అమెరికాలో మిన్నెసోటాకి చెందిన మాగ్నెపాన్ వంటి వాటిలో పల్చటి పొర మొత్తం కదులుతుంది. సెకండ్ హ్యాండ్‌లో ఎలెక్ట్రోస్టాటిక్ దొరికితే సరదాకి కూడా విప్పకండి, లోపల వేల వోల్టులు ఉంటాయి.)

నేను వాడినవి ఇవి: ఒక అంగుళం మందం థర్మకోల్ షీట్లు రెండు, ఒక్కోటి 60 సెం.మీ. వెడల్పు, 90 ఎత్తు. 25 మి.మీ. కాయిల్ ఉన్న 4 ఓమ్‌ల ఎక్సైటర్లు రెండు, ఆన్‌లైన్‌లో తెప్పించాను. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న టీపీఏ3116 ఆంప్లిఫయర్ బోర్డు. దానికి పవర్, మూలన పడున్న 19 వోల్టుల లాప్‌టాప్ చార్జర్. మొత్తం నాలుగు వేల లోపే అయింది.

షీట్‌ని సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది, ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి రెండు వైపులా పూశాను. ఆరాక పైపొర గట్టిపడి, గోరుతో కొడితే 'టక్' మంటుంది. పూయకముందు 'డబ్' మనేది. తేడా అంతా అక్కడే ఉంది. ఒక జాగ్రత్త: చెప్పులకి వాడే రబ్బరు జిగురు థర్మకోల్‌కి తగలనివ్వకండి. నా మొదటి షీట్‌లో అరచేయంత గొయ్యి పడింది, కళ్ళ ముందే కరిగిపోయింది.

ఎక్సైటర్‌ని సరిగ్గా మధ్యలో అతికించాలనిపిస్తుంది. వద్దు. మధ్య బిందువు దగ్గర అసలు కదలని ఊపులు కొన్ని ఉంటాయి. అక్కడ మోటార్ పెడితే అవి పుట్టనే పుట్టవు, ఆ స్వరాలు మాయమవుతాయి. అందుకే వెడల్పులో 24, ఎత్తులో 36 సెం.మీ. దగ్గర, అంటే రెండు వైపులా ఐదింట రెండో వంతులో పెట్టాను. వెనకాల అయస్కాంతం బరువుకి ఒక చెక్క పట్టీ ఆసరా కూడా ఇవ్వండి. టేప్‌ని నమ్ముకుంటే మే నెల ఎండకి అది మెత్తబడి, అర్ధరాత్రి దబ్బున కింద పడుతుంది. మా ఇంట్లో దొంగలనుకున్నారు.

అసలు పని ఇక్కడ మొదలు

మొదటి రోజు పాట పెడితే రేకు డబ్బాలో పాడినట్టుంది. బేస్ లేదని ఫోన్ ఈక్వలైజర్‌లో 60 హెర్ట్జ్ దగ్గర 10 డెసిబెల్స్ పెంచాను. 10 పెంచడమంటే ఆ చోట పది రెట్లు పవర్ అడగడం. పది నిమిషాల్లో కాలిన వాసన, ఒక ఎక్సైటర్ పోయింది. తప్పు నాదే. ఈ సైజు థర్మకోల్ ఎంత అడిగినా బేస్ ఇవ్వదు.

కృష్ణానగర్‌లో చిన్న డబ్బింగ్ థియేటర్‌లో పనిచేసే మిత్రుడొకడు వచ్చి విన్నాడు. "బేస్ సంగతి వదిలెయ్. స, శ, ష తేడా తెలుస్తోందా? త, క విడివిడిగా వినపడుతున్నాయా? ముందు అది చూడు" అన్నాడు. అప్పటినుంచి పాటలు పక్కన పెట్టాను. ఫోన్‌లో నా గొంతుతోనే ఓ ఇరవై మాటలు రికార్డు చేసి, అవే మళ్ళీ మళ్ళీ వినేవాణ్ణి.

బేస్ ఆపడానికి ఒక్కో ఎక్సైటర్‌తో సిరీస్‌లో ఒక నాన్ పోలార్ కెపాసిటర్ పెట్టాను. 4 ఓమ్‌లకి 220 మైక్రోఫారడ్ వేస్తే దాదాపు 180 హెర్ట్జ్ దగ్గర్నుంచి కింద శబ్దం క్రమంగా తగ్గుతుంది. నాన్ పోలార్ దొరక్కపోతే 470వి రెండు తీసుకుని మైనస్‌కి మైనస్ కలపండి, సుమారు 235 వస్తుంది. గొంతులో అడుగు గంభీరం కొంచెం పోతుంది కానీ మాట పోదు. హల్లులన్నీ పైనే ఉంటాయి.

తర్వాత ఫోన్‌లో ఫ్రీ స్పెక్ట్రమ్ యాప్, ల్యాప్‌టాప్‌లో పింక్ నాయిస్. ఫోన్ మైక్ చూపించే అంకెల్ని నమ్మక్కర్లేదు, మార్పుకి ముందూ వెనకా తేడా చూస్తే చాలు. సీలింగ్ ఫ్యాన్ మాత్రం ఆపండి. నాకు 400 హెర్ట్జ్ దగ్గర పెద్ద గుట్ట కనిపించింది, డబ్బా గొంతు అదే. టీవీ హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌కి నా టీవీలో ఈక్వలైజర్ పనిచేయదు కాబట్టి షీట్ మీదే సరిచేయాలి. ఐదు రూపాయల బిళ్ళని డబుల్ టేప్‌తో ఒక్కో చోట అంటిస్తూ వెళ్ళాను. కుడి పైమూల నుంచి జానెడు కిందకి రాగానే గుట్ట సగం తగ్గింది. అంచుల్లో కిటికీలకి వేసే ఫోమ్ పట్టీ వేశాక మిగతాది కూడా కుదిరింది. రెండో ప్యానెల్‌లో బిళ్ళ చోటు వేరే వచ్చింది. కాబట్టి నా కొలతలు మీకు యథాతథంగా పనికిరావు, వెతుక్కోవాల్సిందే.

ఇక ప్లేస్‌మెంట్. మొదట ఫోటో ఫ్రేముల్లా గోడకి ఆనించాను. వెనక్కి వెళ్ళిన శబ్దం తిరగబడిన అల. గోడకి తగిలి వెంటనే తిరిగొచ్చి ముందు శబ్దాన్ని కిందిస్థాయిల్లో తినేస్తుంది. గోడకి దూరం కావాలి, హాలేమో ఇరుకు. స్టాండ్లు పెడితే అమ్మ కాలికి అడ్డం. చివరికి స్లాబ్‌కి ఉయ్యాల కోసం ఎప్పుడో వేసిన కొక్కేలు పనికొచ్చాయి. నైలాన్ దారంతో రెండు ప్యానెళ్ళూ టీవీకి అటూ ఇటూ, గోడకి రెండున్నర అడుగుల దూరంలో వేలాడుతున్నాయి. అనుకోకుండా ఇంకో లాభం దొరికింది. ముందు శబ్దం, వెనక శబ్దం ప్యానెల్ అంచు వైపున ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మా హాల్లో ఆ అంచు చూసేది సరిగ్గా పక్కింటి గోడనే.

బ్లూటూత్ రిసీవర్‌తో కూడా ప్రయత్నించాను. పెదవులు ముందు, మాట వెనక. టీవీకైతే వైరే పెట్టుకోండి.

సినిమా చూసేవాళ్ళకి ఇవి చాలవు, సబ్‌వూఫర్ లేకుండా ఫైట్ సీన్‌లో చప్పట్లు కొట్టినట్టే ఉంటుంది. ఫ్యాన్ అయిదులో పెడితే ప్యానెళ్ళు కొంచెం ఊగుతాయి కూడా. ఇప్పుడు పక్కింటి అబ్బాయి గదిలోకి వెళ్ళి నేనే విన్నాను, మా టీవీ ఆడుతోందని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. అమ్మ కూర్చునే కుర్చీ దగ్గర ఫోన్‌తో చూస్తే మునుపటి కన్నా శబ్దం బాగా తక్కువే. "ఏమన్నాడ్రా" పూర్తిగా ఆగలేదు, రోజుకి ఒకటి రెండు సార్లు వస్తుంది. అవి ఎక్కువగా నటులు గొణిగే సీన్లు. అక్కడ నాకూ అర్థం కాదు.