సొంతంగా వెబ్ అప్లికేషన్లు చేసి బతకవచ్చా?

మేం హాస్టల్‌కు ఎప్పుడు వచ్చినా తమ్ముళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, కంపెనీలో చేరకుండా సొంతంగా వెబ్ అప్లికేషన్లు చేసి బతకొచ్చా?" ఎంసీఏ చదువుతూ మేమిద్దరం రెండేళ్లు ఆ పని చేశాం. మాకు తెలిసింది ఈ వార్షికోత్సవ సంచికలో మీతో పంచుకుంటున్నాం.

ముందుగా వెబ్ అప్లికేషన్ అంటే ఏమిటో చూద్దాం. మనం ఇచ్చిన వివరాలు తీసుకుని, దాచి, లెక్క చూసి జవాబు చెప్పేదే వెబ్ అప్లికేషన్. మనమంతా స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసే ఈ-పాస్ అలాంటిదే.

ఈ పనికి పెట్టుబడి తక్కువ. 1993లో సెర్న్ సంస్థ వెబ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. 1991లో మొదలైన లినక్స్, 1995లో వచ్చిన పీహెచ్‌పీ, 2005లో విడుదలైన జాంగో కూడా ఉచితమే. ఒక కంప్యూటర్, ఇంటర్నెట్, డొమైన్ పేరుకు ఏటా కట్టే రుసుము, సర్వర్ అద్దె ఉంటే చాలు. ఫొటోలు దిద్దుకునే ఫోటోపియాను ఇవాన్ కుట్స్కిర్ అనే ప్రోగ్రామర్ ఒక్కరే తయారుచేసి 2013లో విడుదల చేశారు. ఈనాడు దాన్ని ఎన్నో దేశాలవారు వాడుతున్నారు.

అయితే కోడ్ రాయడం ఇందులో సగం పనే. ఉదయం ఫోన్లకు జవాబివ్వాలి. చేసినదాన్ని తక్కువ ధర ఫోన్లలో కూడా పరీక్షించాలి. బ్యాకప్ తీసి, అది తిరిగి తెరుచుకుంటుందో లేదో చూడాలి. అర్ధరాత్రి సర్వర్ ఆగితే మనమే లేవాలి. అన్నిటికంటే కష్టం డబ్బు అడగడం.

మా మొదటి పని ఒక కోచింగ్ సెంటర్‌కు ఫీజుల రిజిస్టర్. ముప్పై వేలకు నోటిమాట మీద ఒప్పుకున్నాం. పదివేలు ఇచ్చారు. "ఇంకొక్కటి చేర్చండి" అంటూ హాజరు, మార్కులు అన్నీ చేర్పించారు. నెలన్నర పని ఐదు నెలలు పట్టింది. మిగిలిన ఇరవై వేలు నేటికీ రాలేదు. ఆ డబ్బు మాలో ఒకరి చెల్లెలి కాలేజీ ఫీజుకు అనుకున్నది. చివరికి వాళ్ల నాన్న మేస్త్రి దగ్గర అప్పు చేసి కట్టారు.

ఆ తర్వాత మేం కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఏం చేస్తామో, ఏం చేయమో ముందే కాగితం మీద రాసుకుంటాం. మూడో వంతు అడ్వాన్సు చేతికి వచ్చాకే మొదలుపెడతాం. కొత్తగా ఏది చేర్చమన్నా దానికి వేరే ధర. చివరి వాయిదా అందాకే మొత్తం అప్పగిస్తాం. ఏడాది పొడవునా చూసుకోవాలంటే దానికి వేరే ఒప్పందం. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అంత రాకపోయినా ఆదాయపు పన్ను రిటర్ను వేస్తుంటే, బ్యాంకులో అప్పు అడిగినప్పుడు రుజువుగా పనికొస్తుంది.

మా రెండిళ్లలోనూ డిగ్రీ చదివింది మేమే మొదట. "ఏ ఆఫీసు? నెలకు జీతమెంత?" అని ఇంట్లో అడిగితే చెప్పలేకపోయాం. ఆస్తి ఉన్నవాళ్లు డబ్బు రాని నెలను ఎలాగో దాటేస్తారు. మన ఇళ్లలో ఆ నెల అప్పుగా మిగులుతుంది. అందుకే ఈ ఏడాది చదువు పూర్తికాగానే ఇద్దరం ఉద్యోగాల్లో చేరాం. సొంత పని సాయంత్రాలు చేస్తున్నాం. ఆరు నెలల ఇంటి ఖర్చు కూడబెట్టాక పూర్తిగా అందులోకి దిగాలని మా ఆలోచన.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! భయపడి ఈ పని వదిలేయకండి, తొందరపడి దూకకండి. చదువుకుంటూనే ఒక చిన్న పనితో మొదలుపెట్టండి. మొదటి ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఆ కాగితం మాకు చూపించండి. కూర్చుని చదివి పెడతాం.