ఊరి పక్కన బతకడమే ముప్పు: లద్దాఖ్ అడవి గొర్రె కథ

బక్రీద్ దగ్గర పడితే కోనరావుపేట నుంచి సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల దాకా పొట్టేళ్ల బేరాలే. కొమ్ములు చూస్తారు, పళ్లు చూస్తారు. ఈ గొర్రెకు అడవిలో చుట్టాలున్నాయని మాత్రం చాలామందికి తెలియదు. అందులో ఒకటి మన దేశంలోనే, లద్దాఖ్‌లో ఉంది. దాని పేరు యూరియల్. లద్దాఖీలు షాపో అంటారు. ముప్పున్న జాతుల జాబితాలో ఐయూసీఎన్ దీన్ని ఎప్పుడో చేర్చింది.

మన గొర్రెలకు ఇది పూర్వీకుడు కాదు. సుమారు 10,000 ఏళ్ల కింద ఇరాన్, టర్కీ ప్రాంతాల్లో మనుషులు మచ్చిక చేసుకున్నది మూఫ్లాన్ అనే మరో అడవి గొర్రెను. యూరియల్ దానికి చాచా బిడ్డ లాంటిది. పెంపుడు గొర్రెకు 54 క్రోమోజోములైతే దీనికి 58. అయినా చూలు మాత్రం ఐదు నెలలే. నెల్లూరు గొర్రెలాగే పైకి ఉన్ని కాదు, వెంట్రుకలే కనిపిస్తాయి. పొట్టేలుకు చలికాలంలో మెడ కింద జూలు వేలాడుతుంది.

లేహ్‌లో ఏడాదంతా కలిపి పడే వాన 100 మిల్లీమీటర్లు. మన దగ్గర గట్టిగా ముసురు పట్టిందంటే ఒక్క రోజులో అంత కురుస్తుంది. ఆ ఎండు కొండల్లో గడ్డీ పొదలూ మేసి బతకడం షాపోకు కష్టమేం కాదు. చిక్కంతా అది ఉండే చోటుతోనే. భరల్ లాంటి జంతువులు భయమేస్తే నిటారు బండలెక్కి తప్పించుకుంటాయి. షాపో పొడుగు కాళ్లతో పరుగెత్తేది. అందుకే సింధు, ష్యోక్ నదుల లోయల్లో పరుగుకు వీలైన వాలుల మీదే ఉంటుంది. ఊళ్లు, పొలాలు, రోడ్లు వచ్చిందీ ఆ లోయల్లోనే.

ఒకప్పుడు తుపాకీ వేట దాన్ని బాగా తగ్గించింది. ఇప్పుడు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, వేటాడితే జైలే. కానీ మేతకు పోటీ వచ్చే మందల్నీ, పిల్లల్ని తరిమే కుక్కల్నీ చట్టం ఆపుతుందా? మందలతో పారుడు రోగం భయం కూడా ఉంది. దాని సంగతి మన కాపరులకు చెప్పక్కర్లేదు. అది అడవి జీవాలకూ అంటుతుంది. 2016-17లో మంగోలియాలో సైగా జింకలు వేలల్లో చచ్చిపోయింది ఈ రోగంతోనే.

పాకిస్తాన్‌లోని తోర్ఘర్ కొండల్లో 1980లలో యూరియల్ చాలా కొద్దిగానే మిగిలాయి. అక్కడి పెద్దలు వేటగాళ్లనే కాపలాదారులుగా పెట్టుకున్నారు. ఏటా కొద్ది పొట్టేళ్ల వేటకు విదేశీయుల దగ్గర పెద్ద ఫీజు తీసుకుని జీతాలిచ్చారు. వేటతో కాపాడటమేంటని కొందరికి మింగుడుపడలేదు గానీ, మందలు మళ్లీ వేలకు పెరిగాయి. మన చట్టం ఆ దారికి ఒప్పుకోదు. లద్దాఖ్‌లో మిగిలినవి చిన్న పనులే: మందలకు టీకాలు, కుక్కల అదుపు, షాపో ఈనే ఎండాకాలం మొదట్లో ఆ వాలుల్ని దానికే వదిలేయడం.