పెద్ద గ్రాఫులు – పూర్ణాంకముల ఎల్లలు

అనంతపురము పీఠభూమిపై సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురియును. కావున పడిన చినుకు ఎటు పారునో తెలిసికొనుట అచ్చట ముఖ్యము. గుమ్మఘట్ట మండలమున వేదవతి నదిపై భైరవానితిప్ప జలాశయమున్నది. ఏ నేలపై పడిన నీరు దానిని చేరునో కంప్యూటరుతో లెక్కింపవచ్చును.

అందుకై నేలను చదరపు గడులుగా విభజించి, ప్రతి గడి ఎత్తును గుర్తింతురు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక రాడారుతో ఇట్టి ఎత్తులనే కొలిచెను. నీరు చుట్టునున్న ఎనిమిది గడులలో పల్లమైన దానిలోనికి పారును. గడులు శీర్షములు, పొరుగు సంబంధములు అంచులు అనుకొన్నచో, ఇది యొక గ్రాఫు.

2022లో విభజింపబడుటకు ముందు ఈ జిల్లా వైశాల్యము 19,130 చదరపు కిలోమీటర్లు. గడి భుజము 10 మీటర్లైనచో శీర్షములు 19.13 కోట్లు, ఒక్కొక్క దానికి 8 చొప్పున అంచులు సుమారు 153 కోట్లు. భుజము 5 మీటర్లైనచో శీర్షములు 76.52 కోట్లు, అంచులు 612.16 కోట్లు.

చిక్కు ఇచ్చటనే కలదు. 32 బిట్ల పూర్ణాంకములో ఒక బిట్టు గుర్తునకు పోగా, ఇముడు గరిష్ఠ సంఖ్య 2,14,74,83,647 మాత్రమే. శీర్షముల సంఖ్య అందు ఇమిడినను, అంచుల సంఖ్య ఇమడదు. మైలురాళ్ల మీటరు చివరి అంకె దాటి సున్నకు తిరిగినట్లు, 76.52 కోట్లను 8తో గుణించిన ఫలము సాధారణముగా 1,82,66,32,704గా కనబడును. ఋణ గుర్తు సహితము లేదు గనుక, తప్పును పసిగట్టుట కష్టము. లెక్క ఆగకపోయినచో, జలాశయమునకు చేరు నీరు తప్పుగా తేలును.

యంత్రమును బట్టియు ఎల్ల మారును. సీ భాషలో ‘లాంగ్’ అను రకము 64 బిట్ల లైనక్సులో 64 బిట్లు, 64 బిట్ల విండోసులో 32 బిట్లే. ఒకచోట సరియైన ప్రోగ్రామే వేరొకచోట తప్పవచ్చును. కావున బిట్ల సంఖ్యను స్పష్టముగా పేర్కొను రకములనే వాడవలెను.

అన్నిటిని 64 బిట్లకు మార్చిన సరిపోదా? సరిపోవును గాని, 612.16 కోట్ల పొరుగు సంఖ్యలకు 2,449 కోట్ల బైట్లు చాలుచోట 4,897 కోట్లు పట్టును. శీర్షముల పేర్లను 32 బిట్లలోను, అంచుల స్థానములను 64 బిట్లలోను ఉంచుటయే పొదుపు. గుణకారము సైతము 64 బిట్లలోనే చేయవలెను. చిన్న పాత్రలో పొర్లిన నీటిని పెద్ద పాత్రలో పోసినను, పోయినది తిరిగి రాదు.