మూలలు చెక్కు విద్య

పలాస, కాశీబుగ్గల కార్ఖానాలలో మన యాడుబిడ్డలు జీడిపప్పును గుండు, బద్ద, ముక్కలుగా వేరుచేయుట యా ప్రాంతమువారికి నిత్యదృశ్యము. ఆ పప్పు వంపును, నునుపును కంప్యూటరు తెరపై నిలుపుట యెట్లు? యంత్ర మెరిగినవి బిందువులు, వానిని కలుపు సరళరేఖలు, వాని నడుమ పలకలు మాత్రమే.

ఇందుకు శాస్త్రజ్ఞులు పట్టిన యుపాయము మన వడ్రంగి చిరకాలముగా నెరిగినదే. చతురస్రపు దుంగను గుండ్రని స్తంభముగా చేయువాడు మూలలు చెక్కి యెనిమిది పలకలు చేయును. మరల చెక్కి పదునారు చేయును. తుదకు పలకలు కంటికి కానరావు. 1974లో చైకిన్ ఈ మార్గమునే రేఖలకు సూత్రీకరించెను. ప్రతి భుజమున నాలుగవవంతు, ముప్పాతిక స్థానములు గుర్తించి మూలలు తీసివేయవలెను. 1978లో కాట్మల్, క్లార్కులును, డూ, సాబిన్‌లును దీనిని ఉపరితలములకు విస్తరింపజేసిరి. కాట్మల్, క్లార్కుల పద్ధతిలో పలక మూలల సగటు నడిబిందువగును. అంచు కొనలు రెండు, ఇరుప్రక్కల నడిబిందువులు రెండు, వీని సగటు అంచుబిందువగును. పాత మూలయు పొరుగువారివైపు కొంత జరుగును. ఆరు ముఖముల ఘనము క్రమముగా 24, 96, 384 పలకలై, గోళమువంటి రూపము దాల్చును. అది సరియైన గోళము మాత్రము కాదు. 1997లో పిక్సార్ సంస్థ తన లఘుచిత్రమున నొక వృద్ధుని ముఖమును, చేతులను ఈ విధముననే తీర్చెను.

ఉద్దానమున కిందు ప్రయోజనమేమని పాఠకు లడుగవచ్చును. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడితోటలను కూల్చినది. కూలిన తోటలను ఈ విద్య నిలుపునని మేము చెప్పము. అందరికి నుద్యోగము లిచ్చుననియు చెప్పము. కాని పొట్టకూటికై వలసపోవు బాలునికి చేతిలో మరియొక పనితన ముండుట మేలు కాదా?

ఇందులకు కావలసిన గణితము కూడిక, భాగహారములే. బ్లెండర్ అను సాధనము 2002 నుండి స్వేచ్ఛగా లభించుచున్నది. కొరతయెల్ల తెలుగున పాఠము లేకపోవుటయే. టెక్కలి ఇంజనీరింగు విద్యార్థులు, ఉద్దానపు ఉన్నతపాఠశాలల ఉపాధ్యాయులు కలిసి యొక చిన్న పుస్తకము వ్రాయుదురుగాక. మొదటి యుదాహరణము పరదేశపు తేనీటి కూజా కానక్కరలేదు. మన జీడిపిక్కయే చాలును. సొంత నేలపై పండిన వస్తువును సొంత భాషలో గీయనేర్చిన బాలుడు లోకమందలి యే రూపమునకును వెరవడని మా విశ్వాసము.