పాత ఇంజనుకు కొత్త ప్యాకింగులు మాత్రమే చాలవు

వాకిట్లో నిలిపిన అంబాసిడరు కింద తెల్లవారేసరికి నల్లని మచ్చ కనబడితే, పాత బండి గనుక ఆ మాత్రం కారక తప్పదని సరిపెట్టుకోవడం మనకు అలవాటు. ఈ కారు తయారీ 2014లో నిలిచిపోయింది. అయినా తండ్రుల నాటి బండిని అమ్ముకోలేక, ఇంజనును విప్పించి మళ్లీ కట్టించుకుంటున్న కుటుంబాలు నేటికీ ఉన్నాయి. అంత ఖర్చు చేసిన తరువాత కూడా ఆయిల్ కారితే, లోపం ప్యాకింగులలో కాక మరొక చోట ఉన్నదని గ్రహించాలి.

విప్పకముందే వెతకాలి

ఆయిల్ పైనుంచి కిందికి దిగుతుంది; బండి నడిచేటప్పుడు గాలి దానిని వెనుకకు నెడుతుంది. అందువల్ల చాంబరు కింద కనిపించే చుక్క నిజానికి పైనున్న రాకర్ కవరు నుంచో, ఇంజను పక్కనున్న ట్యాపెట్ కవర్ల నుంచో వచ్చి ఉండవచ్చు. ఇంజనును శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, కొంతసేపు ఆన్‌లో ఉంచితే ఆయిల్ వచ్చే దారి స్పష్టంగా కనబడుతుంది.

వెనుక సీలు లేని ఇంజను

పాత అంబాసిడర్లలోని 1489 సీసీ పెట్రోలు ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపొందించిన బి-సిరీస్‌కు చెందినది. దీని క్రాంక్ షాఫ్టు వెనుక చివర రబ్బరు సీలు ఉండదు. దానికి బదులు షాఫ్టు మీదనే మరచుట్టు వంటి గాడి ఉంటుంది. షాఫ్టు తిరిగేటప్పుడు ఆ గాడి ఆయిల్‌ను లోపలికి మళ్లిస్తుంది. వెనుక మెయిన్ బేరింగు అరిగితే షాఫ్టు కుదురు తప్పి, గాడి చుట్టూ ఉండవలసిన సన్నని సందు పెద్దదవుతుంది. అప్పుడు ఆయిల్ క్లచ్ ప్లేటు మీద పడుతుంది. అర్ధరాత్రి రోగిని ఆసుపత్రికి తీసుకుపోతున్నప్పుడు, ఎత్తు మీద క్లచ్ జారితే కలిగే ఆపద వేరే చెప్పనక్కరలేదు. కనుక లేత్ పనికి ఇచ్చినప్పుడే బేరింగులతో పాటు ఈ గాడిని కూడా పరీక్షింపజేయాలి.

లోపలి ఒత్తిడి

పిస్టన్ రింగులు, బోరు అరిగితే మండిన వాయువు చాంబరులోనికి దిగి ఒత్తిడి పెంచుతుంది. ఆ గాలి బయటికి పోవలసిన బ్రీదర్ గొట్టం మసితో పూడిపోతే, ఒత్తిడి దొరికిన ప్రతి సందులోంచి ఆయిల్‌ను బయటికి తోస్తుంది. వెనుక గాడి కూడా దానిని ఆపలేదు. ఇంజను కట్టేనాడు బ్రీదర్‌ను కడిగించడం అందుచేతనే తప్పనిసరి.

అతికే ముఖాలు

ఏళ్ల తరబడి బోల్టులను బలంగా బిగించడం వలన చాంబరు రేకు రంధ్రాల చుట్టూ ఉబ్బి ఉంటుంది. దానిని చదునైన ఇనుప దిమ్మ మీద పెట్టి తట్టి సరిచేయాలి. పాత ప్యాకింగు ముక్కలను పూర్తిగా గీకి తీయాలి. చాంబరు చివరలలో వచ్చే కార్క్ ముక్కలు అంచుకంటే కొద్దిగా పైకి నిలవాలి; బిగించినప్పుడు అవి నలిగి సందును మూస్తాయి. వాటిని అంచుకు సమంగా కోయడం పొరపాటు. ముందువైపు టైమింగ్ కవరును బిగించేటప్పుడు, క్రాంక్ పుల్లీని సీలులోనికి దూర్చి ఉంచి, ఆ తరువాతనే బోల్టులు బిగిస్తే సీలు నడిమికి కుదురుకుంటుంది. పుల్లీ మెడ మీద సీలు రాపిడికి గాడి పడితే కొత్త సీలు వేసినా ఫలితం ఉండదు.

గమ్ము ఎక్కువైతే ప్రమాదం

ఆయిల్ కారకూడదని గమ్మును దట్టంగా పూయించడం మేలు కాదు. లోపలివైపు పొంగిన గమ్ము ఊడిపోయి ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడితే బేరింగులకు ఆయిల్ అందదు. చుక్కలు ఆపబోయి ఇంజనునే పోగొట్టుకున్నట్లవుతుంది. పలుచని పూత చాలు. బోల్టులను ఒకవైపు నుంచి వరుసగా కాక, ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి.

బండి కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక కార్క్ కుదించుకుంటుంది. అప్పుడు మెకానిక్ చేత చాంబరు, కవర్ల బోల్టులను మరొకసారి చూపించండి. అంతవరకు ప్రతి ఉదయం డిప్ స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూచుకొనిగాని ప్రయాణానికి బయలుదేరవద్దు.