ఆటగానికి నీడ యేది?

గంభీరావుపేట ప్రాంతమున జాతర జరిగిన రాత్రి డోలు మ్రోతకు నాలుగూళ్ల జనము కూడుదురు. ఒగ్గుడోలు దళము వలయముగా తిరిగి, ఒకరి భుజములపై నొకరు నిలిచి విన్యాసములు చూపగా పెద్దలు శాలువ కప్పుదురు. కలవారు నూటపదహార్లు చదివింతురు. తెల్లవారిన పిదప ఆ దళమును తలచువాడుండడు. ఆడిన పిల్లవాడు మరల సిరిసిల్ల మరమగ్గము కడకో, హైదరాబాదునకో, గల్ఫు దేశమునకో పోవును. ఆట చూచిన ఒక్క రాత్రికి మనము వెల కట్టితిమి. దానిని నేర్చిన మూడువందల దినములకు వెల కట్టిన వారెవరు? నేడు చదువరుల ముందు మేముంచు ప్రశ్న యిదియే.

సిరిసిల్ల సీమవారికి ఈ లెక్క క్రొత్తది కాదు. బట్ట అమ్ముడుపోయిన దినముననే పుట్టదు. నూలు కావలయును, రంగు కావలయును, పడుగు సిద్ధపరుపవలయును. నూలు అప్పిచ్చువాడు లేనియెడల మగ్గము నిలిచిపోవునని యెరిగియే మన పెద్దలు నేతపనివారికి సహకార సంఘములను నెలకొల్పిరి. నృత్యమునకును అట్టి పెట్టుబడియే కావలయును. అభ్యాసమునకు చదునైన నేల, గురువునకు నెల జీతము, మోకాలు బెణికినచో వైద్యము, క్రొత్త ఆటను కూర్చుటకు కొంత తీరిక - ఇవి యేవియు ప్రదర్శననాటి చప్పట్లలో లభించునవి కావు.

పూర్వము ఈ భారమును దేవాలయమును, గ్రామమును వహించెను. నర్తకీమణులకు ఆలయముల మాన్యములుండెను. చిందు యక్షగానము వారికి కొన్ని కొన్ని గ్రామములపై మిరాశీ హక్కులుండెను. ఆ యేర్పాటు కళను కాపాడినది, కాని కళాకారుని కులమునకు కట్టివేసి చేయి చాపించినది. ఆలయ నర్తకి బ్రదుకు నెట్లు చెరచినదో చెప్పనక్కరలేదు. దేవదాసీ సమర్పణమును నిషేధించుచు 1947లో మద్రాసు రాష్ట్రమున శాసనము పుట్టినది. దురాచారము పోవుట ముమ్మాటికి ధర్మమే. అయితే పాత పందిరి పీకిన సంస్కర్తలము క్రొత్త పందిరి వేయ మరచితిమి. దోషము సంస్కారమున లేదు, మన మరపున కలదు.

ఆ మరపునకు ప్రాయశ్చిత్తముగా ఒక్కడు తన జీవితము నర్పించెను. నటరాజ రామకృష్ణ (1923-2011) వృద్ధ నర్తకీమణుల నాశ్రయించి వారి విద్యను సేకరించి ఆంధ్రనాట్యముగా నిలబెట్టెను. నృత్తరత్నావళిని, రామప్ప గుడి శిల్పములను ముందిడుకొని పేరిణి శివతాండవమునకు మరల ప్రాణము పోసెను. 1985లో శివరాత్రినాడు రామప్ప సన్నిధిని ఆ తాండవము జనసమూహము నెదుట జరిగెను. 1213లో కట్టిన ఆ గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గౌరవము లభించినప్పుడు మనమందరము గర్వించితిమి. గర్వించుట సులభము. రాతి నర్తకికి కూడు అక్కరలేదు. సజీవ నర్తకికి కావలయును. ఒక్కని దీక్ష కళను బ్రదికింపగలదు, కాని ఆతని యనంతరము దానిని పోషించునది సంఘమే.

"సంప్రదాయ నృత్యమునకైన సరే, నేటి యువకులు కూర్చు సమకాలిక నృత్యమున కేల ధనము?" అని కొందరడుగుదురు. వారు జాయప సేనానిని స్మరింతురు గాక. కాకతి గణపతిదేవుని గజసైన్యాధిపతియగు ఆతడు 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించెను. ఎనిమిది అధ్యాయములలో మొదటి నాలుగింటిని శాస్త్రీయమగు మార్గమునకును, తక్కిన నాలుగింటిని దేశికిని కేటాయించెను. దేశి యనగా నాటి జనులు తమ ఊళ్లలో, తమ రుచికొలది ఆడుకొనిన నృత్యము. అది నాటి సమకాలికమే. నేడు మనము సంప్రదాయమని కన్నుల కద్దుకొను పేరిణి ఆ దేశి భాగములోనిదే. జాయప తన కాలపు ఆటను చిన్నచూపు చూచియుండిన మనకు పేరిణి దక్కెడిది కాదు.

పొరుగున నున్న బెంగుళూరును చూడుడు. తెలుగువారు వేలకొలది నివసించు ఆ నగరమున 1992లో కొందరు కళాకారులు కూడి ఆట్టక్కళరి యను సంస్థను స్థాపించిరి. ఆట్టమనగా మన ఆటయే, కళరి యనగా అభ్యాసస్థలము. జయచంద్రన్ పళాళి దానికి సారథ్యము వహించెను. లాభమును పంచుకొనుటకు గాక కళను పెంచుటకే పుట్టిన ఆ సంస్థ యువతీయువకులకు సమకాలిక నృత్యమున శిక్షణ నొసగెను. క్రొత్తవారు తమ రచనలను పరీక్షించుకొనుటకు తావిచ్చెను. 2000 సంవత్సరమున అంతర్జాతీయ నృత్యోత్సవమును ఆరంభించి, రెండేండ్లకొకమారు జరుపు పద్ధతిని నెలకొల్పెను. కలరిపయట్టు వంటి దేశీయ వ్యాయామమును నేటి నృత్యమునకు జోడించినందున అది పరదేశపు నకలు కాలేదు.

మనకు బెంగుళూరి ధనము లేదనుట నిజమే. కాని తెలంగాణమున అమలులోనున్న 2001 నాటి సంఘముల నమోదు చట్టము క్రింద ఏడుగురు చేరిన చాలును, కళాభివృద్ధికి సంఘమేర్పడును. సిరిసిల్లలో ఏడుగురు కళాభిమానులు లేరా? భవనము కట్టనక్కరలేదు. మన పట్టణములలో ఫంక్షన్ హాళ్లకు కొరత లేదు. మూఢము వచ్చినచో అవి వారములతరబడి తాళము వేసియుండును. ఆ దినములలో ఉదయము రెండు గంటలు అభ్యాసమునకు విడిచినచో యజమానికి పోవునదేమి? పంట చేతికి వచ్చినప్పుడు భూస్వామి ఒక బస్తా ధాన్యము వెల నిచ్చిన, వర్తకుడు పండుగ ఖర్చులో కొంత మిగిల్చిన గురువు జీతము గడచును.

అయితే మూడు నియమములు తప్పరాదు. ఏటేట లెక్కలను సభలో చదువవలయును. కార్యవర్గమున దాతలతోపాటు ఒగ్గు, చిందు కళాకారులకును, స్త్రీలకును సమాన స్థానముండవలయును. సంఘపు నర్తకులను నాయకుల ఊరేగింపులకు వేడుకగా త్రిప్పరాదు. కళాకారుడు యాచకుడు కాడు, పనివాడు. పనికి తగిన ప్రతిఫలము పొందుట ఆతని హక్కు.

ఈ సీమ కళకు గొడ్డుపోయినది కాదు. ఒగ్గుకథకు కీర్తి తెచ్చిన మిద్దె రాములును, కవితకు జ్ఞానపీఠము తెచ్చిన సినారెయును హనుమాజీపేట బిడ్డలే. అట్టివారు మరల పుట్టవచ్చును. పుట్టినవారిని నిలుపుకొనుట మాత్రము మన చేతిలోనిది. వచ్చే జాతరలో శాలువ కప్పుటకు ముందు ఆ పిల్లవాని నొక్కమాట యడుగుడు: "నాయనా, రేపు ఎక్కడ సాధన చేసెదవు?" ఆతడు బదులు చెప్పగలిగిన దినముననే మన శాలువకు విలువ.